లోను బాకీకి బ్యాంకు మన ఖాతాలో డబ్బు పట్టుకుంటే ఏం చేయాలి?

ఉల్లి అమ్మిన డబ్బు ఖాతాలో పడిన రోజే లోనుకు పట్టుకున్నారని ఒకరు అడుగుతారు. డ్వాక్రా పొదుపు హోల్డులో పెట్టారని ఇంకొకరు. నాన్న తీసుకున్న లోనుకు నా జీతం ఎందుకు ఆపారని మరొకరు. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చే ప్రశ్న చివరికి ఒకటే: "మమ్మల్ని అడగకుండా మా డబ్బు తీసుకునే హక్కు బ్యాంకుకు ఉందా?"

ఉంది. కానీ దానికి హద్దులున్నాయి. హద్దు లోపల తీసుకుంటే మేనేజరుతో ఎంత గొడవపడినా ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. హద్దు దాటి తీసుకుంటే, సరిగ్గా రాసిన ఒక అర్జీతోనే వెనక్కి వచ్చే అవకాశం ఉంది. అందుకే కోపంతో బ్రాంచికి వెళ్లే ముందు, మీ విషయంలో బ్యాంకు ఏ హద్దు దాటిందో తేల్చుకోండి. ఆ తేల్చుకోవడం ఎలాగో, తర్వాత ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

చట్టం గురించి ఇంత తెలిస్తే చాలు. మీరు బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకు మీకు బాకీ ఉన్న డబ్బు. మీ లోను మీరు బ్యాంకుకు బాకీ ఉన్న డబ్బు. ఈ రెండింటినీ ఒకదానికొకటి మినహాయించుకోవడాన్నే సెట్ ఆఫ్ అంటారు. మన సొత్తు, కాగితాలు బ్యాంకు చేతిలో ఉంటే బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కును లీన్ అంటారు. దానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 171వ సెక్షన్ ఆధారం. ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులకు కూడా ఈ హక్కు వర్తిస్తుందని 1992లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌బుక్ లేదా సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్, కనీసం ఆరు నెలలది
- లోను ఖాతా స్టేట్‌మెంట్ (దీన్ని చాలామంది అడగరు, అసలు విషయమంతా దీంట్లోనే ఉంటుంది)
- లోను తీసుకున్నప్పుడు సంతకం చేసిన ఒప్పందం కాపీ, శాంక్షన్ లెటరు
- బ్యాంకు నుంచి వచ్చిన నోటీసులు, ఎస్సెమ్మెస్‌లు
- ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం: మార్కెట్ యార్డు తక్‌పట్టీ (సరుకు అమ్మిన బిల్లు), జీతం స్లిప్పు, పెన్షన్ ఆర్డరు, ఏదైతే అది

ఒప్పందం కాపీ మీ దగ్గర లేకపోతే బ్రాంచిలో రాసి అడగండి. లోను కాగితాల కాపీ తీసుకునే హక్కు మీకుంది. "హెడ్డాఫీసులో ఉంది, తర్వాత రండి" అంటే ఆ మాటనే అర్జీ మీద రాసి ఇవ్వమనండి.

1. నిజంగా ఏం జరిగిందో తేల్చుకోండి

డబ్బు ఆగిపోయిన ప్రతిసారీ అది సెట్ ఆఫ్ కాదు. నాలుగు రకాలుగా జరుగుతుంది, నాలుగింటికీ మందు వేరు.

మొదటిది, మీరే సంతకం చేసి ఇచ్చిన ఆటో డెబిట్. లోను తీసుకునేటప్పుడు నాచ్ ఫారం మీదో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ మీదో (కంతు తేదీన ఖాతాలోంచి దానంతటదే తీసుకోమని ఇచ్చే అనుమతులు ఇవి) సంతకం పెట్టి ఉంటారు. కంతు తేదీన అంతే మొత్తం పోయి ఉంటే చాలావరకు ఇదే. ఇందులో బ్యాంకు తప్పు లేదు.

రెండోది హోల్డు. డబ్బు ఖాతాలోనే కనిపిస్తుంది, తీయబోతే రాదు. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ 40,000 ఉంటుంది, ఏటీఎం మాత్రం డబ్బు చాలదంటుంది. కౌంటర్లో అడిగితే "లీన్ మార్క్ అయ్యింది" అంటారు.

మూడోది అసలైన సెట్ ఆఫ్. సేవింగ్స్ ఖాతాలో డెబిట్ పడి, అదే తేదీన అదే మొత్తం లోను ఖాతాలో క్రెడిట్ పడుతుంది. ఒకే రోజువి రెండు స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సేవింగ్స్‌లో పోయిన మొత్తం లోనులో కనిపించకపోతే, ఆ డబ్బు ఎక్కడికి పోయిందన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

నాలుగోది, లోనుతో సంబంధమే లేని ఆపుదల. సైబర్ పోలీసుల కేసు, ఇన్‌కం ట్యాక్స్ నోటీసు, కోర్టు జప్తు లాంటివి. ఎవరో మోసగాడి డబ్బు ఫోన్‌పేలో మీ ఖాతాకు వచ్చినా ఇలా ఆగిపోవచ్చు. అప్పుడు లోను గురించి ఎంత వాదించినా లాభం లేదు. ఆపమన్నది ఎవరు, ఏ నంబరు కేసు, ఏ తేదీ అన్నది బ్యాంకును అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, కౌంటర్లో నోటిమాటగా విన్నది నమ్మి వచ్చేయడం. "సిస్టమే పట్టుకుంది సార్" అన్నది జవాబు కాదు. ఏ లోనుకు, ఎంత, ఏ తేదీన, ఏ క్లాజు కింద అన్నది కాగితం మీద కావాలి.

2. బాకీ లెక్క చూడండి

సెట్ ఆఫ్ చేయాలంటే ఆ బాకీ ఇప్పుడు కట్టాల్సింది అయి ఉండాలి, ఎంతో తేలినదై ఉండాలి. రేపు రాబోయే కంతుకు ఇవాళే పట్టుకోవడం కుదరదు.

ఒక లెక్క చూద్దాం. బర్రెల లోను మొత్తం బాకీ 1,40,000. నెల కంతు 9,500. మూడు కంతులు తప్పాయి, అంటే 28,500. ఛార్జీలు 700. ఇప్పుడు కట్టాల్సింది 29,200. ఉల్లి డబ్బు 62,000 పడగానే బ్యాంకు అదంతా లోనుకు వేసుకుంది. మిగతా 32,800 ఇంకా గడువు రాని కంతులది. లోను మొత్తం ఒకేసారి కట్టమని బ్యాంకు ముందే రీకాల్ నోటీసు ఇచ్చి ఉంటే తప్ప, ఆ 32,800 వెనక్కి అడగడానికి మీకు గట్టి ఆధారం ఉంది.

పంట లోనుకు ఈ లెక్క వేరు. దానికి కంతులుండవు, గడువు తేదీ ఒక్కటే. ఆ తేదీ దాటితే మొత్తం కట్టాల్సిందే అవుతుంది. వేరుశనగకు తీసుకున్న లోను రెన్యువల్ చేయకుండా వదిలేసిన వాళ్లకు పెద్ద మొత్తాలు ఒక్కసారే పోవడానికి కారణం ఇదే.

ఛార్జీలు కూడా చూడండి. కంతు తప్పినందుకు వేసేది పెనల్ ఛార్జీగానే (జరిమానాగానే) ఉండాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. 2024 నుంచి ఇది అమల్లో ఉంది. స్టేట్‌మెంట్‌లో అలా వేసినట్టు కనిపిస్తే ఆ లైన్ల కింద గీత గీసి అర్జీకి జత చేయండి.

మూడేళ్లు దాటితే లోను దానంతటదే పోతుందని ఒక నమ్మకం ఉంది. దాన్ని నమ్ముకోవద్దు. కాలపరిమితి దాటితే కోర్టుకు వెళ్లే దారి మూసుకుంటుంది గానీ బాకీ చచ్చిపోదని, హామీగా పెట్టిన డిపాజిట్ నుంచి బ్యాంకు జమ వేసుకోవచ్చని 1992లోనే పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

3. బ్యాంకు హద్దు దాటిందా చూడండి

మూల సూత్రం ఇది: బాకీ ఉన్న మనిషి, డబ్బున్న మనిషి ఒకరే కావాలి, అదే హోదాలో కావాలి. దీన్ని పట్టుకుని మీ పరిస్థితి చూసుకోండి.

జాయింటు ఖాతా: భర్త ఒక్కడే తీసుకున్న లోనుకు భార్యాభర్తల జాయింటు ఖాతాలో డబ్బు మామూలుగా పట్టుకోకూడదు. ఇద్దరూ కలిసి లోను తీసుకున్నా, ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసినా పట్టుకోవచ్చు. ఇక్కడ మీ చేతిలో ఒప్పందం కాపీ ఉండాలి. భార్య సంతకం "సాక్షి" అన్నచోట ఉందా, "సహ రుణగ్రహీత" అన్నచోట ఉందా చూడండి.

చనిపోయిన నాన్న లోను: కొడుకు సొంత ఖాతాను ముట్టుకోకూడదు, కొడుకు జామీను గానీ సహ రుణగ్రహీత గానీ అయితే తప్ప. వారసుడి బాధ్యత తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మేరకే. తండ్రి పేరున ఉన్న డిపాజిట్ మాత్రం తండ్రి లోనుకు జమ వేసుకోవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి "అబ్బాయి పేరు మీదకు మార్చుకుంటే సరిపోతుంది" అని కాగితం చూపిస్తే వెంటనే సంతకం పెట్టకండి. ఆ సంతకంతో తండ్రి లోను మీ లోను అవుతుంది.

జామీను: మీరు ఎవరికో షూరిటీ ఉన్నారు, అతను కట్టలేదు. బ్యాంకు మొదట మిమ్మల్ని కట్టమని అడగాలి. ఆ డిమాండ్ నోటీసు రాకుండానే మీ ఖాతాలో పట్టుకుంటే అభ్యంతరం చెప్పండి. నోటీసు వచ్చాక మాత్రం వాదనకు బలం తక్కువ.

మైనరు ఖాతా, ట్రస్టు ఖాతా: గార్డియన్ గానో ధర్మకర్త గానో మీ పేరున్నంత మాత్రాన మీ సొంత లోనుకు అవి పనికిరావు. గుడి కమిటీ డబ్బు అధ్యక్షుడి ట్రాక్టరు లోనుకు పోకూడదు.

దుకాణం ఖాతా: మీరొక్కరే యజమాని అయితే షాపు ఖాతా, మీ సొంత ఖాతా ఒకటే లెక్క. భాగస్వామ్య సంస్థ అయితే, ఒక భాగస్వామి ఇంటి లోనుకు సంస్థ డబ్బు పట్టకూడదు.

డ్వాక్రా సంఘం: డే ఎన్‌ఆర్‌ఎల్‌ఎం (మహిళా సంఘాలకు లోన్లిప్పించే కేంద్ర పథకం) కింద 10 లక్షల లోపు లోన్లకు హామీ అడగకూడదు, సంఘం సేవింగ్స్ ఖాతా మీద లీన్ వేయకూడదు, డిపాజిట్ చేయమని ఒత్తిడి చేయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు మాస్టర్ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. సంఘం పొదుపు హోల్డులో ఉంటే తీర్మానం పుస్తకంలో రాసి, లీడరు సంతకంతో అర్జీ ఇవ్వండి. కాపీ వెలుగు ఏపీఎంకు, పట్టణంలో అయితే మెప్మాకు ఇవ్వండి. ఒక సభ్యురాలి సొంత లోనుకు సంఘం డబ్బు పట్టడం కూడా తప్పే.

పెన్షన్, గ్రాట్యుటీ: రిటైర్మెంటు డబ్బును ఫిక్సెడ్ డిపాజిట్‌గా మార్చినా కోర్టు జప్తు నుంచి దానికున్న రక్షణ పోదని 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోర్టు జప్తుకు సంబంధించిన తీర్పు. బ్యాంకు సెట్ ఆఫ్‌కు అదే నేరుగా సరిపోతుందని ధీమా వద్దు, కానీ అర్జీలో తప్పకుండా రాయండి. నెల పెన్షన్ మొత్తం పట్టేసి ఇంట్లో పొయ్యి వెలగని పరిస్థితి తెచ్చారని రాస్తే పై అధికారులు చాలాసార్లు కొంత వదులుతారు.

వేరే బ్రాంచి ఖాతా: ఇది హద్దు దాటడం కాదు. డోన్‌లో లోను, కర్నూలులో ఖాతా ఉన్నా బ్యాంకు ఒకటే.

మన జిల్లాల వాళ్లు దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. కడప ప్రధాన కార్యాలయంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యింది. ఎప్పుడో సిండికేట్‌లో తీసుకున్న పాత లోను, కెనరాలో ఉన్న జీతం ఖాతా ఇప్పుడు ఒకే గొడుగు కింద ఉన్నాయి. "నాకు ఈ బ్యాంకులో లోనే లేదు" అని గట్టిగా వాదించే ముందు పాత బ్యాంకుల పేర్లు గుర్తు చేసుకోండి. మీ ఖాతాలన్నీ ఏ కస్టమర్ ఐడీ కింద ఉన్నాయో బ్రాంచిలో అడిగి రాసుకోండి. అదే పేరు, అదే తండ్రి పేరున్న వేరొకరి లోను మీ ఐడీకి తగిలించి ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది.

బంగారం గురించి

బంగారు లోను మొత్తం కట్టేసి నగలు అడిగితే, "పంట లోను బాకీ ఉంది, అది కట్టాక ఇస్తాం" అంటారు. ఇది కూడా పైన చెప్పిన లీన్ హక్కు కిందికే వస్తుంది. కానీ రిజర్వు బ్యాంకు 2003 మే నాటి న్యాయమైన పద్ధతుల నియమావళి ప్రకారం ఇలా ఆపాలంటే మీకు నోటీసు ఇవ్వాలి. అందులో మిగిలిన బాకీ వివరాలు, ఏ కాగితం ఆధారంగా ఆపుతున్నారో ఉండాలి. పైగా, వేరే ఒప్పందం లేకపోతే ఒక అప్పుకు తాకట్టు పెట్టిన వస్తువును వేరే అప్పుకు పట్టి ఉంచకూడదని కాంట్రాక్టు చట్టం 174వ సెక్షన్ అంటుంది. తాకట్టు ఫారంలో "ఇతర బాకీలకు కూడా" అన్న క్లాజు తరచుగా అచ్చు వేసి ఉంటుంది, అదుంటే ఈ సెక్షన్ మీకు పెద్దగా పనికిరాదు. కాబట్టి కట్టడానికి వెళ్లే ముందే అడగండి: "ఇది కడితే నగలు ఇవాళ ఇస్తారా? ఇంకేమైనా బాకీ ఉందా?" కట్టాక అడిగితే చేతిలో డబ్బూ లేదు, నగలూ లేవు.

4. బ్రాంచికి అర్జీ ఇవ్వండి

నోటితో కాదు, రాతతో. ఇలా రాస్తే చాలు:

"బ్రాంచి మేనేజరు గారికి, నా సేవింగ్స్ ఖాతా నంబరు ........ నుంచి ........ తేదీన రూ. ........ నా లోను ఖాతా ........కు మళ్లించారు / హోల్డులో పెట్టారు. ఆ రోజుకు నేను కట్టాల్సిన గడువు దాటిన మొత్తం ఎంత, ఏ క్లాజు ప్రకారం తీసుకున్నారు, నాకు ముందు నోటీసు ఏ తేదీన పంపారు అన్నది రాతపూర్వకంగా తెలపండి. ఈ ఖాతా (జాయింటు ఖాతా / సంఘం ఖాతా / మైనరు ఖాతా) కాబట్టి ఈ మళ్లింపు చెల్లదని నా అభ్యంతరం. రూ. ........ అదే తేదీతో తిరిగి జమ చేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద అందినట్టు తేదీ, సంతకం, సీలు వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ విషయంలో ఉన్న ఒక్క హద్దు గురించే రాయండి. ఉన్నవీ లేనివీ కలిపి నాలుగు పేజీలు నింపితే అసలు పాయింటు మునిగిపోతుంది.

డిపాజిట్ నుంచి పట్టే ముందు తెలియజేస్తామని కొన్ని బ్యాంకులు తమ పాలసీలోనే రాసుకుంటాయి. మీ బ్యాంకు పాలసీ వెబ్‌సైటులో ఉంటుంది. అందులో ఆ మాట ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి జత చేయండి. బ్యాంకు తన మాటే తాను తప్పిందన్న వాదన చాలా గట్టిగా పనిచేస్తుంది.

ఒక హెచ్చరిక. అర్జీ ఇచ్చినప్పుడు "ఇక్కడ కూడా ఒక సంతకం పెట్టండి" అని వేరే ఫారం ముందుకు తోస్తే చదవకుండా పెట్టకండి. అది మీరే ఒప్పుకుని డబ్బు మళ్లించమన్నట్టుగా రాసిన లెటరు కావచ్చు. తేదీ ఖాళీగా ఉన్న కాగితం మీద అసలే వద్దు.

5. బ్రాంచిలో తేలకపోతే

ముందు అదే బ్యాంకు రీజినల్ ఆఫీసుకు, నోడల్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) పంపండి. ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఆన్‌లైన్లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు, సందేహాలకు 14448 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు ద్వారా వేయకూడదు. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా వెళ్తే తిప్పి పంపేస్తారు, చాలా ఫిర్యాదులు పోయేది ఇక్కడే. ఇదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తున్నా తీసుకోరు. గడువులుంటాయి కాబట్టి నెలల తరబడి నాన్చకండి.

ప్రభుత్వ పథకం డబ్బు, సంఘం పొదుపు, కరువు సాయం లాంటి వాటికి ఇంకో దారి మేలు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరుకు (జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే అధికారికి) కాపీ అందించండి. ఒక్కో ఊళ్లో పది మందికి ఒకేలా జరిగి ఉంటే అందరూ కలిసి ఇవ్వండి. ఒక్కరి కాగితం కంటే అది త్వరగా కదులుతుంది.

వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. అక్కడ రెండేళ్లలోపు కేసు వేయాలి, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు.

6. ఇల్లు గడిచే డబ్బును కాపాడుకోండి

బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు. పంట మీద తీసుకున్న లోనుకు పంట డబ్బు కట్టాలన్నది ఒప్పందంలోనే ఉంటుంది. కానీ కూలి డబ్బు, పిల్లల ఫీజు డబ్బు లోను ఉన్న బ్యాంకులోనే పడాలని చట్టం లేదు.

లోను లేని వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. పోస్టాఫీసు అయినా సరే. తెరిచాక ఆధార్ ఆ ఖాతాకు మార్చాలి. ఉపాధి కూలి, పీఎం కిసాన్ లాంటివి మీరిచ్చిన ఖాతా నంబరుకు కాకుండా, డీబీటీకి (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటానికి) ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో అక్కడికే పోతాయి. కేవైసీకి (మీరెవరో రుజువుగా) ఆధార్ ఇవ్వడం వేరు, డీబీటీకి సీడింగ్ చేయడం (ఆధార్‌ను ఆ ఖాతాకు ముడిపెట్టడం) వేరు. సీడింగ్ ఫారం ప్రత్యేకంగా నింపి ఇవ్వండి. వారం తర్వాత ఫోన్లో *99*99*1# కొట్టి ఏ బ్యాంకు పేరు వస్తుందో చూసుకోండి. పాత బ్యాంకు పేరే వస్తే మళ్లీ వెళ్లండి.

రైతు భరోసా రోజుల్లో ఈ బాధ చూసే రాష్ట్ర ప్రభుత్వం, పాత బాకీలకు పట్టుకోవడానికి వీల్లేని అన్‌ఎన్‌కంబర్డ్ ఖాతాలు కావాలని బ్యాంకులను అడిగింది. ఇప్పుడు కూడా పథకం డబ్బు పట్టుకుంటే ఆ సంగతి అర్జీలో గుర్తు చేయండి.

ఇంటి దగ్గర చేతికిచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛనుకు ఈ టెన్షన్ లేదు.

లోను సంగతి కూడా పక్కన పెట్టకండి. కరువు మండలంగా ప్రకటించి, పంట నష్టం 33 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పంట లోను గడువు పొడిగించమని అడగొచ్చు. గడువు తేదీ రాకముందే అడగడం మేలు. లోను మొండి బాకీలో పడి ఉంటే ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి లోను తేల్చుకోవడం) గురించి, లోక్ అదాలత్ గురించి అడగండి. కమీషన్ తీసుకుని మాఫీ చేయిస్తానన్న మధ్యవర్తికి రూపాయి ఇవ్వకండి.

7. డబ్బు వెనక్కి వచ్చాక చూడాల్సినవి

"జమ చేశాం" అన్న ఎస్సెమ్మెస్ చూసి ఊరుకోకండి. పాస్‌బుక్ వేయించి చూడండి. జమ పాత తేదీతో పడిందా, ఇవాళ్టి తేదీతో పడిందా? ఇవాళ్టిదైతే మధ్యలో సేవింగ్స్ వడ్డీ పోయినట్టే, అడగండి. హోల్డు తీసేశారో లేదో చిన్న మొత్తం తీసి చూడండి. డబ్బు తిరిగొచ్చినా లీన్ మార్క్ అలాగే ఉండిపోవడం మామూలే. ఆ రోజుల్లో చెక్కు గానీ ఇంకో కంతు గానీ బౌన్స్ అయి ఛార్జీలు పడితే వాటినీ తిప్పి వేయమని రాయండి.

లోను ఖాతాలో కూడా ఎంట్రీ సరిచూడండి. మీకు తిరిగిచ్చిన మొత్తం అక్కడ బాకీగా మళ్లీ పెరగాలి. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పెరిగినా ఎందుకని అడగండి.

నెల రోజులాగి సిబిల్ రిపోర్టు (మీ లోన్ల చరిత్ర చూపే కాగితం) తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం. తప్పుగా బాకీ చూపిస్తుంటే బ్యాంకుకూ సిబిల్‌కూ రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.